స్టెతస్కోపు పక్కన పెట్టి...

అమెరికా వెళ్లిన మన డాక్టర్లందరూ అక్కడ రోగుల నాడి పట్టుకోవడం లేదు. కొందరు ఏకంగా ఆస్పత్రి నాడి పట్టుకుంటున్నారు. పరీక్షలూ వీసాలూ ఏళ్ల తరబడి ఎదురుచూపులూ దాటుకుని, ఆస్పత్రుల పాలనలో కొత్త వృత్తిని నిర్మించుకుంటున్న వైద్యుల సంగతులివి.

'మీ పాప అమెరికాలో డాక్టరే గదా?'

'ఆ... ఆస్పత్రిలోనే పని చేస్తాంది.'

'అంటే, డాక్టరేనా కాదా?'

సింహాద్రిపురం కానివ్వండి, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కానివ్వండి... ఏ పెళ్లి పందిట్లోనైనా వినపడగల మాటలే. రెండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఆ తల్లిదండ్రులు తడబడతారు. చీనీ తోట, అరటి తోట మీద వచ్చిన రాబడినంతా పోసి ఎంబీబీఎస్ చదివించారు. ఊరంతా 'డాక్టరమ్మ' అని పిలిచింది. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పిల్ల విమానమెక్కింది. అక్కడామె ఆస్పత్రికి వెళుతుంది, జీతం తెచ్చుకుంటుంది, కానీ సూది పట్టుకోదు, మందుచీటీ రాయదు. మరి ఆ ఉద్యోగాన్ని ఏమని చెప్పాలి? 'ఆస్పత్రిలో ఏదో ఆఫీసు పనంట' అంటే, అంత చదివి ఇదా అనుకుంటారని భయం.

ఆ 'ఏదో ఆఫీసు పని' ఏమిటో, అందులోకి డాక్టర్లు ఎందుకు వెళుతున్నారో, వెళ్లినవారు ఎంత దూరం పోగలరో తెలిస్తే ఆ తడబాటు కొంత తగ్గవచ్చు.

డిగ్రీ ఉంది... లైసెన్సు ఏదీ?

అమెరికాలో ప్రతి నలుగురు డాక్టర్లలో సుమారు ఒకరు వేరే దేశంలో చదివినవారే. అది విని దారి సులువనుకుంటే పొరపాటు. ఇక్కడ పదేళ్లు ఆపరేషన్లు చేసిన సర్జనైనా సరే, అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. విదేశీ వైద్యుల అర్హతలను పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ అనే సంస్థ 1956 నుంచీ ఉంది. యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు రాసి దాని ధ్రువపత్రం సంపాదించాలి. ఆ తర్వాత అసలు గండం... రెసిడెన్సీ. అంటే ఏదో ఒక ఆస్పత్రిలో మూడేళ్లో ఐదేళ్లో శిక్షణ. అది పూర్తయితే తప్ప మామూలుగా లైసెన్సు రాదు.

ఆ రెసిడెన్సీ సీట్ల పంపకాన్నే 'మ్యాచ్' అంటారు. ఏటా మార్చి మూడో వారంలో ఫలితం. ఎన్నేళ్ల చదువైనా, ఎన్ని లక్షల ఖర్చయినా ఆ ఒక్క రోజున తేలిపోతుంది. 2024లో అమెరికా పౌరసత్వం లేని విదేశీ వైద్య పట్టభద్రులలో సీటు దొరికింది నూటికి 58 మందికి. మిగిలిన 42 మందీ తెలివితక్కువవాళ్లేం కాదు. పరీక్షలు పాసై, ఇంటర్వ్యూల కోసం ఊళ్లు తిరిగి, చివరికి ఉత్త చేతులతో నిలబడినవాళ్లు. మళ్లీ ఏడాది ప్రయత్నించవచ్చు. కానీ ఎంబీబీఎస్ పూర్తయి ఏళ్లు గడిచేకొద్దీ విలువ తగ్గుతుంది. పట్టా చేతికొచ్చి ఐదేళ్లు దాటితే దరఖాస్తు పక్కన పడేసే ఆస్పత్రులు చాలా ఉన్నాయి. పరీక్ష ఒక్కో అంచెను ఎన్నిసార్లు రాయవచ్చన్న పరిమితి కూడా ఆరు నుంచి నాలుగుకు తగ్గింది. 2022 జనవరి నుంచి తొలి పరీక్షలో మార్కులు ఇవ్వడం మానేశారు, పాస్ లేదా ఫెయిల్... అంతే. మంచి మార్కులతో తలుపు తెరిపించుకునే మన పిల్లలకు అదో దెబ్బ.

పెళ్లి చేసుకుని వెళ్లిన అమ్మాయిలది ఇంకో రకం చిక్కు. భర్త హెచ్-1బీ మీద ఉంటే భార్యది హెచ్-4 వీసా. దానిమీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. 2015 మేలో ఈ నిబంధన కొంత సడలింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకు పని అనుమతి ఇస్తున్నారు. ఆ దశ దాటేదాకా? ఇంట్లో కూర్చుని పరీక్షలకు చదవడమే. మధ్యలో కాన్పు, పసిబిడ్డ. చూస్తుండగానే నాలుగైదేళ్లు. భర్త ఉద్యోగం ఒక రాష్ట్రంలో, సీటు వస్తే మరో రాష్ట్రంలో. వదులుకునేది ఎవరో వేరే చెప్పాలా?

ఈ కష్టం ఇవాళ్టిది కూడా కాదు. భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరేనాటికి ఆయన చేతిలో ఉన్నది ఎల్ఎంఎస్ పట్టా. ఖద్దరు కట్టాడన్న కోపంతో ప్రొఫెసరు పెట్టిన కష్టాల వల్లే ఎంబీబీఎస్ దక్కలేదంటారు. ఆ పట్టాతో అక్కడ వైద్యం చేసే వీల్లేదు. పొట్ట కోసం ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. అదే మనిషి 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. బోదకాలుకు వాడే మందు, క్యాన్సర్ మీద మొదటి మందులు ఆయన నడిపిన బృందాల నుంచే వచ్చాయి. ఆయన రోగుల మంచాల పక్కన నిలబడి చేసిన వైద్యం తక్కువ. శాస్త్రవేత్తల బృందాలను నడిపించి చేయించిన వైద్యం ఎక్కువ.

ఆరోగ్యశ్రీ తెలిసినవాళ్లకు...

ఇప్పుడా 'ఆఫీసు పని' సంగతి చూద్దాం. మనకు తెలిసిన దానితోనే మొదలుపెడదాం.

జమ్మలమడుగులో మిషనరీలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రిలో వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆస్పత్రి కట్టిన డాక్టరు వైఎస్ రాజశేఖరరెడ్డి. ముఖ్యమంత్రిగా ఆయన 2007లో ప్రారంభించిన ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) ఎలా నడుస్తుందో సింహాద్రిపురం మండలంలో చాలా ఇళ్లకు అనుభవమే. కార్డు చూపిస్తాం. ఆస్పత్రివాళ్లు కాగితాలు, స్కాన్లు పైకి పంపుతారు. ట్రస్టులో కూర్చున్న డాక్టర్లు వాటిని చూసి, ఈ జబ్బుకు ఈ ఆపరేషన్ అవసరమా కాదా తేలుస్తారు. జబ్బును బట్టి ముందే ఖరారైన ప్యాకేజీ సొమ్ము ఆస్పత్రికి వెళుతుంది. అలా తేల్చే డాక్టరు మనకెప్పుడూ కనపడడు. కానీ ఆయన 'సరే' అనకపోతే మన ఆపరేషన్ ఆగిపోతుంది.

అమెరికాలో ముసలివాళ్ల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే మెడికేర్ పథకం 1983లో ఇలాంటి పద్ధతికే మారింది. ఎన్నాళ్లు పడుకోబెట్టారు, ఎన్ని సూదులు వేశారు అని చూడదు. జబ్బు ఏ తరగతిలోకి వస్తుందో చూసి దానికి ఇంత అని కడుతుంది. దాంతో డాక్టరు కేసు షీట్లో రాసే ఒక్కో మాటకూ వెల ఏర్పడింది. ఉదాహరణకు ఒక ముసలాయన న్యుమోనియాతో చేరాడు. ఊపిరి అందక ఆక్సిజన్ మీద ఉంచారు. హడావుడిలో డాక్టరు 'న్యుమోనియా' అని మాత్రమే రాస్తే ఒక లెక్క. శ్వాస వ్యవస్థ విఫలమైందని కూడా రాస్తే మరో లెక్క. చేసిన వైద్యం ఒక్కటే, వచ్చే డబ్బు వేరు. అంతేకాదు, ఆ ముసలాయన పరిస్థితి ఎంత విషమంగా ఉండేదో రికార్డులో లేకపోతే, ఆయన చనిపోయినప్పుడు నింద ఆస్పత్రి మీద పడుతుంది. మామూలు రోగిని చంపేశారన్నట్టుగా లెక్కల్లో కనిపిస్తుంది.

అందుకే కేసు షీట్లను రోజూ చదివి, చికిత్సకూ రాతకూ పొంతన ఉందా అని చూసేవాళ్లు ప్రతి పెద్ద ఆస్పత్రికీ కావాలి. దీనికి జబ్బులు తెలియాలి, రక్తపరీక్షలు చదవడం రావాలి, మందు పేరు చూడగానే అది ఎందుకిచ్చారో తట్టాలి. గుమాస్తా వల్ల కాదు. అనుభవమున్న నర్సులు చేస్తారు... లేదా లైసెన్సు లేని విదేశీ డాక్టర్లు! ఈ 'క్లినికల్ డాక్యుమెంటేషన్' విభాగాల్లో మన ఎంబీబీఎస్‌లు చాలామంది కుదురుకున్నది అందుకే. ఇందులో ఓ సున్నితమైన నియమం కూడా ఉంది. అనుమానం వస్తే వైద్యం చేసిన డాక్టరుకు ప్రశ్న పంపవచ్చు. కానీ 'ఇలా రాయండి' అని జవాబును నోటికి అందించకూడదు. 'ఈ పరీక్షల ఫలితాలివి, మీ అభిప్రాయం ఏమిటి?' అని మాత్రమే అడగాలి.

అక్కడి నుంచి దారులు చీలతాయి. ఆస్పత్రిలో వచ్చిన ఇన్ఫెక్షన్లు ఎన్ని, ఆపరేషన్ తర్వాత ఎందరు మళ్లీ చేరాల్సి వచ్చింది అని లెక్కతీసి సరిచేసే నాణ్యతా విభాగం ఒకటి. 2012 అక్టోబరు నుంచి, గుండె జబ్బు, న్యుమోనియా లాంటివాటితో వచ్చి ఇంటికెళ్లినవారు నెలలోపే లెక్కకు మించి మళ్లీ చేరుతుంటే మెడికేర్ ఆ ఆస్పత్రికిచ్చే సొమ్ములో కోత పెడుతోంది. ఇంటికి పంపేటప్పుడు మందులు అర్థమయ్యేలా చెప్పారా, రెండో రోజు ఫోన్ చేసి కనుక్కున్నారా అన్నవి ఒక్కసారిగా డబ్బుతో ముడిపడ్డ ప్రశ్నలయ్యాయి. క్లినికల్ ట్రయల్స్ నిర్వహణ, కంప్యూటర్ రికార్డుల వ్యవస్థ, బీమా అనుమతులు... ఇలా మరికొన్ని. కొన్నాళ్లు చేశాక రెండేళ్ల ఎంహెచ్ఏ... మాస్టర్ ఆఫ్ హెల్త్ అడ్మినిస్ట్రేషన్... చదివి విభాగాధిపతులయ్యేవాళ్లూ, ముందే ఆ కోర్సులో చేరేవాళ్లూ ఉన్నారు. అందులో శరీర శాస్త్రం ఉండదు. జమాఖర్చులు, ఆరోగ్య చట్టాలు, సిబ్బంది నిర్వహణ, గణాంకాలు ఉంటాయి. బ్యాలెన్స్ షీటు ఎరుగని డాక్టరుకు మొదటి సెమిస్టరు చుక్కలు చూపిస్తుంది.

కలానికి రెండువైపులా పదును

ఈ దారిలో అందరికన్నా పైకెక్కిన తెలుగువాడు ఎవరంటే ప్రేమ్‌రెడ్డి పేరు చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లా పల్లెటూరిలో పుట్టి, రాయలసీమ పిల్లలెందరో చదివిన తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశారు. 1970లలో అమెరికా వెళ్లారు. రెసిడెన్సీ దక్కింది, గుండె వైద్యుడయ్యారు. కాబట్టి సీటు దొరకని వారి కథ కాదు ఆయనది. అయినా ఆయన స్టెతస్కోపుతో ఆగలేదు. కాలిఫోర్నియాలో ఎడారి అంచున ఉన్న విక్టర్‌విల్‌లో 1994లో డెజర్ట్ వ్యాలీ ఆస్పత్రి తెరిచారు. 2001లో ప్రైమ్ హెల్త్‌కేర్ సంస్థ స్థాపించారు. నష్టాల్లో కూరుకుపోయి మూతపడబోతున్న ఆస్పత్రులను కొని గట్టెక్కించడం దాని ప్రత్యేకత. 2025లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎనిమిది ఆస్పత్రులు తీసుకోవడంతో లెక్క యాభై దాటింది. ఆయన చొరవతో పుట్టిన వైద్య కళాశాల 2018లో తొలి బ్యాచ్‌ను చేర్చుకుంది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ తియ్యగానే ఉంటుంది. కానీ సగమే అవుతుంది. బయటి వైద్యంతో సరిపోయే మెడికేర్ రోగులను ఆస్పత్రిలో చేర్పించారని, జబ్బును ఉన్నదానికంటే తీవ్రంగా చూపి బిల్లులు పంపారని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. కాలిఫోర్నియాలోని 14 ఆస్పత్రులకు సంబంధించిన ఈ వ్యవహారంలో 2018లో ప్రైమ్ సంస్థ, ప్రేమ్‌రెడ్డి కలిసి 6.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. అందులో 32.5 లక్షల డాలర్లు ఆయన సొంతంగా కట్టినవి. తప్పు జరిగిందని కోర్టు తేల్చలేదు, ఆరోపణలు ఆరోపణలుగానే ముగిశాయి. 2021లో వేరే ఆరోపణల మీద మరో 3.75 కోట్ల డాలర్ల రాజీ జరిగింది. గమనించాల్సిందేమంటే, మొదటి కేసు బయటికి తెచ్చింది ఆ సంస్థ ఆస్పత్రిలోనే పనితీరు మెరుగుపరిచే విభాగంలో ఉన్న ఓ ఉద్యోగిని. అంటే ఇందాక మనం చెప్పుకున్న 'ఆఫీసు పని' మనిషే!

నా మటుకు నాకు ఈ వృత్తి బరువేమిటో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ కనపడలేదు. 'ఏం చేస్తాంది మీ పాప?' అనే ప్రశ్నకు 'కేసు షీట్లు చూస్తుంది' అన్న జవాబు చిన్నదిగా వినిపించవచ్చు. ఆ చూపు సరిగ్గా ఉందా లేదా అన్నదాని మీద కోట్ల డాలర్లే కాదు, మూసేస్తారేమో అనుకున్న ఊరి ఆస్పత్రి బతకడం, రోగికి అక్కర్లేని చేరిక తప్పడం కూడా ఆధారపడి ఉన్నాయి.

ఎముకల ఆస్పత్రికి వచ్చిన ఎక్స్‌రే డాక్టరు

అక్కడికెళ్లి పాలన నేర్చుకుని ఇక్కడికొచ్చి వాడినవాళ్లూ ఉన్నారు. డాక్టర్ కాకర్ల సుబ్బారావుది కృష్ణా జిల్లా పెదముత్తేవి. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, 1951లో అమెరికా వెళ్లారు. రేడియాలజీలో అక్కడి బోర్డు పరీక్ష నెగ్గి, 1956లో తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1970లో మళ్లీ అమెరికా. న్యూయార్క్‌లో ప్రొఫెసరు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం 'తానా'కు తొలి అధ్యక్షుడు. అంటే కాలు నిలదొక్కుకోవడమే కాదు, నలుగురికీ పెద్దదిక్కుగా నిలిచిన దశ. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు నుంచి పిలుపు వచ్చింది. హైదరాబాద్ పంజాగుట్టలో నిజాం ట్రస్టు కట్టించిన ఆస్పత్రిని పెద్ద వైద్య సంస్థగా మలచాలి, రండి అని. అరవై ఏళ్ల వయసులో ఆయన వచ్చేశారు. పాతవాళ్లు ఇప్పటికీ 'ఎముకల ఆస్పత్రి' అని పిలిచే ఆ చోటే నిమ్స్. 1989 నాటి చట్టంతో దానికి విశ్వవిద్యాలయ ప్రతిపత్తి కూడా దక్కింది.

నిమ్స్ డైరెక్టరు పని చీకటి గదిలో ఫిల్ములు చూడటం లాంటిది కాదు. నిపుణులను వెతికి తేవాలి, యంత్రాలు కొనాలి, మంత్రుల సిఫార్సులను మర్యాదగా తిప్పికొట్టాలి, పేదవాడికి భారం కాకుండా సంస్థ ఖజానా ఖాళీ కాకుండా రేట్లు పెట్టాలి. రేడియాలజిస్టు పాలకుడిగా రాణించడం వింతగా అనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే అంత వింతేం కాదు. ఎముకల డాక్టరు, గుండె డాక్టరు, మెదడు డాక్టరు... ఆస్పత్రిలో అందరూ ఏదో ఒక పూట వచ్చి మాట్లాడి వెళ్లేది రేడియాలజిస్టు దగ్గరికే. ఏ విభాగం ఎలా నడుస్తోందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 2000లో పద్మశ్రీ అందుకున్న కాకర్ల 2021 ఏప్రిల్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వెళ్లిన ప్రతాప్ సి. రెడ్డిదీ దాదాపు ఇదే కోవ. అమెరికాలో గుండె వైద్యుడిగా స్థిరపడ్డవాణ్ని తండ్రి ఉత్తరం వెనక్కి రప్పించిందని చెబుతారు. 1983లో చెన్నైలో, 1988లో హైదరాబాద్‌లో అపోలో తలుపులు తెరిచింది. ఒకాయన ప్రభుత్వ సంస్థను, మరొకాయన కార్పొరేట్ ఆస్పత్రిని... దాదాపు ఒకే సమయంలో ఒకే నగరంలో నడిపించారు. తెలుగువాళ్లు ఆస్పత్రి అనే మాటను అర్థం చేసుకునే తీరే ఆ పదేళ్లలో మారిపోయింది.

వెళ్లేముందు నాలుగు లెక్కలు

సరే, మన ఊరి డాక్టరమ్మ సంగతికొద్దాం. అమెరికాలో వైద్య, ఆరోగ్య సేవల మేనేజర్ల మధ్యస్థ వార్షిక జీతం 2024లో 1,17,960 డాలర్లని అక్కడి కార్మిక శాఖ లెక్క. చూడటానికి ఘనంగానే ఉంది. కానీ అది ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ కలిసిన లెక్క. చేరిన మొదటి ఏడాది అంత వస్తుందని అప్పు చేయకూడదు. రెండేళ్ల కోర్సు ఫీజు సొంత డబ్బుతో కట్టాలంటే తోట తాకట్టు పెట్టాల్సిందే.

వీసా లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి. విద్యార్థి వీసా మీద చదివితే కోర్సు తర్వాత ఏడాది పని చేసుకోవచ్చు. సైన్సు, టెక్నాలజీ జాబితాలో ఉన్న కోర్సయితే మరో రెండేళ్లు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ లాంటివి తరచూ ఆ జాబితాలో ఉంటాయి, మామూలు ఎంహెచ్ఏ చాలాచోట్ల ఉండదు. చేరేముందే కాలేజీని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాల్సిన విషయమిది. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న ఆస్పత్రులకు హెచ్-1బీ లాటరీ బెడద లేదు, అదో వెసులుబాటు. అయితే 2025 సెప్టెంబరు ఉత్తర్వుతో, బయటి దేశాల నుంచి కొత్తగా రప్పించుకునే హెచ్-1బీ ఉద్యోగులపై లక్ష డాలర్ల రుసుం వచ్చి పడింది. అంత కట్టి డాక్యుమెంటేషన్ ఉద్యోగిని పిలిపించుకునే ఆస్పత్రి ఎక్కడుంటుంది? ఇక్కడి నుంచి నేరుగా ఆ ఉద్యోగంలో చేరిపోదామన్న ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

మరోపక్క చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటోంది. డాక్టర్ల కొరతతో సతమతమవుతున్న టెనెసీ రాష్ట్రం, విదేశాల్లో శిక్షణ పొందిన వైద్యులు అక్కడ మళ్లీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సు పొందేందుకు 2023లో చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఇక్కడ పీజీ చేసి కొన్నేళ్లు పనిచేసి వెళ్లినవారికి ఇవి ఉపయోగపడవచ్చు. హౌస్‌సర్జన్సీ అవగానే పెళ్లి చేసుకుని విమానమెక్కిన అమ్మాయికి పెద్దగా పనికిరావు.

అందుకే, సంబంధం కుదిరిందని ముహూర్తానికి తొందరపడే ఇళ్లలో ఒక్క మాట పిల్లను కూర్చోబెట్టుకుని అడగవచ్చు... రోగుల మధ్యే ఉండాలనుందా, పాలనైనా ఫర్వాలేదా అని. మొదటిదైతే పరీక్షల్లో కనీసం రెండు ఇక్కడే ముగించి వెళ్లడం మేలు, అక్కడి సంసారంలో పడ్డాక చదువు సాగదు. రెండోదైతే నిమ్స్‌లో ఆస్పత్రి నిర్వహణ కోర్సు ఉంది, మన ఆస్పత్రుల నాణ్యతా విభాగాల్లో రెండేళ్లు పనిచేసినా అక్కడ చెప్పుకోవడానికి అనుభవం మిగులుతుంది. ఏది ఎంచుకున్నా ఇక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ ఉండాలి. దాని గడువు తేదీ అమెరికాలో ఉన్న పిల్లకు గుర్తుండదు. ఇంటి దగ్గరున్న నాన్నే క్యాలెండరులో రాసిపెట్టుకోవాలి.